పూత మీద కోత

గెడ్డవలస,
6 ఏప్రిల్ 2025

ఝాన్సీకి,

ఫోన్ ఎత్తడం లేదని మీ ఆయన త్రినాథ్ చేత అడిగించావు. ఆరోగ్యం బాగానే ఉంది. వండుకుంటున్నాను. ఇకమీద ఉత్తరాలు రాస్తాను. నువ్వూ రాయి. రాజాం పోస్టాఫీసులో కవర్లు ఇంకా దొరుకుతున్నాయి.

ఇవాళ శ్రీరామనవమి. పొద్దున్నుంచి మైకు మోగుతోంది. పానకం గ్లాసు ఎవరో గుమ్మంలో పెట్టి పిలవకుండా వెళ్ళిపోయారు. తలుపు తీసేసరికి వీధిలో ఎవరూ లేరు.

మీ అక్క వస్తువులు సర్దాను. చీరలు బీరువాలో అలాగే ఉన్నాయి, వచ్చినప్పుడు చూసుకో. మేడ మీద మట్టి ఉండలు చాలా ఆరబెట్టి ఉన్నాయి. గోలీల కంటే కొంచెం పెద్దవి. ఎందుకు చేసిందో తెలియదు. ఆమె పని ఆమెది, నా కాలేజీ నాది, అడిగే అలవాటు లేకపోయింది. మట్టి వీధిలో పోస్తే ఆమె ఊరుకునేది కాదు. సంచుల్లో ఎత్తుకెళ్ళి వెనక మడిలో విసిరాను. కుప్ప పోస్తే దుక్కికి అడ్డమని మడంతా విసిరాను. మధ్యాహ్నం దాకా పట్టింది. ఏదో ఒక పని.

ఆ మడి సంగతి కూడా రాయాలి. మీ అక్కా, నాలుగు ఊళ్ళ ఆడవాళ్ళూ కలిసి నడిపిన మట్టిబడి వాళ్ళు, రైతులకు ఎరువులూ పురుగుమందులూ లేని సేద్యం ఆ మడిలోనే నేర్పేవారు. పెద్దకర్మ తర్వాత వాళ్ళలో ఒక్కరూ మా గుమ్మం తొక్కలేదు. మడి కావాలని అడగలేదు. అవసరం తీరిపోయిందనుకుంటాను. మా పెదనాన్న మనవడు చినబాబు మొక్కజొన్న వేస్తానన్నాడు. సరేనన్నాను. జూన్‌లో ట్రాక్టరు పెడతాడు.

పిల్లలు కులాసా అని తలుస్తాను.

అప్పలసూరి

•

భావనపాడు,
15 ఏప్రిల్ 2025

బావా,

ఉత్తరం అందింది. ఇవాళ్టి నుంచి సముద్రంలో వేట బంద్. పడవలన్నీ ఇసుక మీదికి లాగేశారు. తండ్రులు ఇళ్ళల్లో ఉన్నారు కాబట్టి మా బడి నిండిపోయింది. ఇంట్లో ఉంటే వలలు బాగుచెయ్యమంటారని పిల్లల భయం. ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, కోపం కొంచెం తగ్గాక అసలు సంగతికి వద్దామని. తగ్గలేదు.

మొక్కజొన్నా? అక్క మడిలోనా? ఆ మడి లేకపోతే మట్టిబడి వాళ్ళు ఏం పెట్టుకుని నేర్పుతారు, నల్లబల్ల మీద వరి దుబ్బు గీసి చూపిస్తారా? మట్టిబడి షెడ్డు గుమ్మం దగ్గర అక్క పెట్టిన నియమం నీకు తెలుసో లేదో. ప్రశ్న లేకుండా ఎవరూ లోపలికి రాకూడదు. ఫీజు లేదు, రిజిస్టరు లేదు, మడి గురించి ఒక ప్రశ్న అడిగితే చాలు. నేనోసారి ఊరికే చూద్దామని వెళితే సొంత చెల్లెలిని నన్నూ ఎండలో నిలబెట్టింది. "ఏటి తెలుసుకుందామని వచ్చినావే?" అంది అందరి ముందూ. వానపాముకి ఎండంటే ఎందుకు పడదని అడిగితే గాని వదల్లేదు.

మా నాన్న అక్కకు పసుపు కుంకుమ కింద ఇచ్చిన నేల అది. ఎవరూ అడగలేదని నువ్వు చినబాబుకు ఇచ్చేస్తావా? నన్ను ఒక్క మాట అడగకూడదా?

ఫోన్ ఎందుకు ఎత్తవు? అక్కతోపాటు మేమూ తెగిపోయామనుకోవాలా?

కోపంగానే,
నీ మరదలు ఝాన్సీ

•

గెడ్డవలస,
23 ఏప్రిల్ 2025

ఝాన్సీకి,

మడి మీ నాన్నగారు ఇచ్చిందని గుర్తుచేశావు. నిజమే. కాగితాలు తీసి పెట్టాను. నీ పేర రాయమంటే రాజాం రిజిస్ట్రారు ఆఫీసుకు వచ్చి సంతకం పెడతాను. రోజు చెప్పు.

ఎండలు ముదిరాయి.

అప్పలసూరి

•

భావనపాడు,
1 మే 2025

బావా,

నేను మడి అడిగానా? ఉత్తరం మళ్ళీ చదువుకో. కాగితాలు ఉన్నచోటే పెట్టు.

ఝాన్సీ

•

గెడ్డవలస,
27 మే 2025

ఝాన్సీకి,

నీకు నా మీద కోపం ఉందని తెలుసు. అయినా ఒక సంగతి అడగాలి. అడగడానికి వేరే ఎవరూ లేరు.

వానలు ముందే పడ్డాయి. వెనక మడి పచ్చగా మొలిచింది. కలుపు కాదు. కలుపైతే మేడ మీద నుంచి చూస్తే ఒకే రంగులో కనిపించాలి. ఇందులో చాలా పచ్చలు ఉన్నాయి. కిందికి దిగి చూశాను. ఒక ఆకు మూడు రెక్కలు. ఇంకొకటి అరచేయిలా చీలి, కాడ ఎర్రగా ఉంది. ఒకటి సన్నగా, పొడుగ్గా గడ్డిలా ఉంది గాని గడ్డి కంటే నిటారు. ఒకదాని ఆకు నలిపితే వేళ్ళకు జిగురు అంటింది. ఇన్నేళ్ళు ఈ ఇంట్లో ఉండి ఒక్కదాని పేరూ నాకు తెలియదు. కాలేజీలో జమాఖర్చులు చెప్పినవాణ్ణి.

ఎవరో విత్తారు. చినబాబు కాదు, అతను కూడా ఆశ్చర్యపోయాడు. మట్టిబడి ఆడవాళ్ళ మీద అనుమానం వచ్చింది. పోయిన శనివారం నుంచి వాళ్ళు మడిలోకి వచ్చి వంగి చూసి, మాట్లాడుకుని పోతున్నారు. ఇంటికి మాత్రం రారు. చినబాబుకు మడి దక్కకూడదని చాటుగా విత్తనాలు చల్లారేమో అనిపించింది. వాళ్ళలో పెద్దదైన సుభద్రమ్మను గట్టు మీద ఆపి అడిగాను, ఇది ఎవరు వేశారని.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "అదేటి బాబూ, నువ్వు ఏసి ఎవులేసినారని నన్ను అడుగుతావేటి?" అంది. పక్కన దాలమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "మాస్టరు బాబు ఏసినా మొలిసినాది సూడు, ఇది మంచి మట్టే!"

ఎగతాళి చేస్తున్నారు. ఇంక మాట్లాడకుండా వచ్చేశాను.

కవర్లో ఏడు ఆకులు పెట్టాను. అంకెలు వేశాను. పేర్లు రాయగలవా?

అప్పలసూరి

•

భావనపాడు,
3 జూన్ 2025

బావా,

రాయకూడదనుకున్నాను. కానీ కవరు విప్పితే ఆకులు రాలాయి, ఎవరికి మాత్రం ఆగుతుంది? వేట ఇంకా మొదలవలేదు, త్రినాథ్ ఇంట్లోనే ఉన్నాడు. ఇద్దరం చాప మీద పరుచుకుని కూర్చున్నాం. ఆయనకు చేప తప్ప ఆకు తెలియదు. అయినా ప్రతిదానికీ ఒక పేరు చెప్పాడు.

మొదటిది పెసర. రెండోది ఎర్రకాడ గోగు, ఇన్నాళ్ళూ పచ్చడి తిని కూడా నీకు పేరు తెలియలేదంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గడ్డిలా నిటారుగా ఉన్నది గంటె, సజ్జ అంటారే అదే. జిగురు అంటినది నువ్వుల మొక్క. అయిదోది జనుము, ఆరోది బొబ్బర. ఏడోది మాత్రం తెలియలేదు. అంచు కొద్దిగా పళ్ళు పళ్ళుగా ఉంది, తడిమితే గరుకు. మా ఊళ్ళో చూసింది కాదు. మళ్ళీ పంపు, ఈసారి పుస్తకంలో నొక్కి పంపు.

ఒకటి చెప్పు. ఇవి సాళ్ళల్లో మొలిచాయా, చెదురుగానా? దున్ని చల్లిన గుర్తులున్నాయా? నాకేదో తోస్తోంది గాని నువ్వు రాస్తే గాని చెప్పను.

చినబాబు ట్రాక్టరు ఎప్పుడు? అది మాత్రం దాచకుండా రాయి.

ఝాన్సీ

•

గెడ్డవలస,
9 జూన్ 2025

ఝాన్సీకి,

నీ ఉత్తరం పట్టుకుని మడిలో తిరిగాను. పేరు తెలిశాక మొక్క వేరుగా కనిపిస్తుంది. గోగు ఇంత ఉందని అంతకుముందు తెలియలేదు.

సాళ్ళు లేవు. వేసవి దుక్కి మీద కొత్త దుక్కి లేదు. చెదురుగా ఉన్నాయి. ఇంటి వైపు పలచగా, అవతలి గట్టు దగ్గర ఒత్తుగా ఉన్నాయి. ఒక్కోచోట నాలుగైదు రకాలు ఒకే గుంటలోంచి గుత్తిగా లేచాయి. అది వింతగా ఉంది.

చినబాబు నిన్న ట్రాక్టరు తెచ్చాడు. మడి చూసి, "ఇదేటి సిన్నాన్నా, అడివైపోనాది! ఒక్క సుట్టు తిప్పితే సాపైపోతాది" అన్నాడు.

కొన్నాళ్ళు ఆగమన్నాను.

"ఏటికి?"

ఒక మొక్క పేరు ఇంకా తెలియలేదన్నాను.

"పేరు తెలిస్తే ఏటి సేస్తావు, ఉయ్యాల్లో ఏసి బారసాల సేస్తావేటి?" అని డ్రైవరు వైపు తిరిగి నవ్వాడు. కానీ వెనక్కి తిప్పుకుని వెళ్ళాడు. మళ్ళీ వస్తాడు. మొక్కజొన్నకు అదను దాటిపోతోందని అతని గొడవ. అతను అన్నదాంట్లో తప్పు లేదు. మాట ఇచ్చింది నేను.

ఏడో ఆకు పంపుతున్నాను. డిక్షనరీలో పెట్టి నొక్కాను.

ఫోన్ సంగతి అడిగావు. మీ అక్కచెల్లెళ్ళిద్దరి గొంతూ ఒకటే. అందుకు.

అప్పలసూరి

•

భావనపాడు,
16 జూన్ 2025

బావా,

"అందుకు" అన్న మాట దగ్గర ఆగిపోయాను. దాని గురించి ఏమీ రాయను. నేను నిన్ను అన్న మాటలన్నీ వెనక్కి తీసుకున్నాను, అంతే.

ఇప్పుడు అసలు సంగతి. కూర్చుని చదువు.

మాఘమాసంలో నేను వచ్చినప్పుడు నువ్వు పెన్షన్ పని మీద విజయనగరం వెళ్ళావు. అక్కకు అప్పటికే మెట్లెక్కితే ఆయాసం. అయినా మేడ మీదికి లాక్కెళ్ళింది. పుట్టమన్ను, ఆవుపేడ, బూడిద కలిపి ముద్ద చేసింది. ఒక్కో ఉండలో రకరకాల గింజలు పెట్టి చుట్టమంది. నావి వంకరగా వస్తున్నాయని తీసి మళ్ళీ చుట్టింది. "ఇయి ఎండలో పొడి నేల మీద పడెయ్యడమేనే. సీమ ముట్టదు, పిట్ట ముట్టదు. వానొచ్చేదాకా అలగే పడుంటాయి" అంది. ఎండాకాలం మడి బోడిగా ఉండకూడదట, ముందే పచ్చ కప్పాలట. ఇలా వేసి చూపిస్తే గాని రైతులు నమ్మరంది.

నువ్వు మేడ మీది ఉండలు విసిరానని మొదటి ఉత్తరంలోనే రాశావు. నేను మొక్కజొన్న అన్న మాట చూసి మిగతాది సరిగా చదవలేదు. ఒకే గుంటలోంచి నాలుగు రకాలు లేచాయని రాస్తే గాని నాకు వెలగలేదు.

మడి విత్తింది నువ్వే బావా. సుభద్రమ్మ ఎగతాళి చెయ్యలేదు.

నిన్న ఆమెకు ఫోన్ చేశాను. నువ్వు ఉండలు విసురుతుంటే షెడ్డులోంచి చూసిందట. "ఒక్కొక్కటే ఇసిరినాడమ్మా, ఎంత ఓపిగ్గానో! ఆ బాబు ఏడుస్తన్నాడేమోనని నాను ఎదరకి పోలేదు" అంది.

వాళ్ళు మీ ఇంటికి ఎందుకు రాలేదో కూడా అడిగాను. చావు జరిగిన ఇంటికి వెళ్ళి ఏడాది తిరక్కుండా విత్తనం అడగకూడదట అక్కడ. ఆ ఇల్లు తనంతట ఇస్తే పుచ్చుకోవాలి. మేడ మీద అక్క ఉండలున్నాయని వాళ్ళందరికీ తెలుసు. గడప లోపలికి వస్తే నోరు జారి అడిగేస్తామని భయపడి రాలేదు. పానకం పెట్టి పారిపోయింది సుభద్రమ్మే. తర్వాత నువ్వే తెచ్చి మడిలో వేశావు కాబట్టి, ఇల్లు ఇచ్చేసిందనుకుని మడిలోకి వస్తున్నారు. నువ్వు అన్నీ తెలిసే చేశావనుకుంటున్నారు!

ఏడో ఆకు ఇప్పుడూ తెలియలేదు. నేను చుట్టిన ఉండల్లో అలాంటి గింజ లేదు. అక్క తర్వాత కలిపి ఉండాలి. పువ్వు వచ్చేదాకా ఆగు.

ఝాన్సీ

•

గెడ్డవలస,
25 జూన్ 2025

ఝాన్సీకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

చినబాబుకు మడి ఇవ్వనని చెప్పాను. బదులు గెడ్డ వాగు వైపున్న పొలం చెక్క వేసుకోమన్నాను. కొంచెం గొణిగి ఒప్పుకున్నాడు. ట్రాక్టరు అటు తిప్పాడు.

ఇంతటితో సరిపోతుందనుకున్నాను. సరిపోలేదు.

జనుము పూసింది. పసుపుపచ్చని పూలు. పెసరా, బొబ్బరా పూతకు వచ్చాయి. పొద్దున్న తుమ్మెదలు చాలా వస్తున్నాయి, నిలబడి చూస్తే పొద్దు తెలియదు. నిన్న సుభద్రమ్మ, దాలమ్మ, ఇంకా కొందరు కొడవళ్ళు పట్టుకుని వచ్చారు. మడంతా కోసేసి అక్కడే పరిచేస్తారట. "పూత మీద కోసెయ్యాల బాబూ. ఏసిన సెయ్యే ముందర కొయ్యాల. రా" అని నా చేతికి కొడవలి ఇవ్వబోయింది.

కుదరదన్నాను.

"ఇది కోస్తేనే గదా వరికి బలం. నారు సిద్ధంగున్నాది. నాలుగూళ్ళోళ్ళు వచ్చి సూస్తారు."

మడి గేటుకు తాళం వేశాను. మీ అక్క చేత్తో చుట్టినవి. పూసిన వాటిని కోయడమేమిటి? ట్రాక్టరు నుంచి కాపాడింది ఇందుకా? వాళ్ళు అరవలేదు. గేటు బయట కాసేపు కూర్చుని వెళ్ళిపోయారు. ఈ శనివారం మట్టిబడి పాఠం జరగదేమో.

నీకు తెలిసే ఉంటుంది ఇది. ముందు ఎందుకు రాయలేదు?

అప్పలసూరి

•

భావనపాడు,
1 జూలై 2025

బావా,

తెలుసు. ఉండలు చుట్టేటప్పుడే అక్క చెప్పింది, పూత మీద కోసేస్తారని. రాయడానికి చెయ్యి రాలేదు. అంతే.

కొయ్యమని నేను చెప్పను. కొయ్యొద్దనీ చెప్పను. నేను అక్కడ లేను, ఆ పూలు చూడలేదు. ఒక్కటే అడుగుతాను. ఎందుకు కోస్తారని నువ్వు నన్ను అడిగావు, వాళ్ళను అడిగావా? మట్టిబడి గుమ్మం నీ ఇంటికి వంద అడుగుల్లో లేదా? ఇన్నేళ్ళలో ఒక్కసారి లోపలికి వెళ్ళావా? శనివారం వెళ్ళు. ప్రశ్న పట్టుకెళ్ళు, లేకపోతే రానివ్వరు. నన్నే రానివ్వలేదు, నిన్ను రానిస్తారా?

వేటకు పడవలు మళ్ళీ దిగాయి. బడి సగం ఖాళీ.

ఝాన్సీ

•

గెడ్డవలస,
10 జూలై 2025

ఝాన్సీకి,

శనివారం వెళ్ళాను. ముందు గేటు తాళం తీసి, తర్వాత వెళ్ళాను.

షెడ్డు గుమ్మంలో దాలమ్మ అడ్డంగా కూర్చుని ఉంది. "ప్రశ్నేటి మాస్టరు బాబూ? పేర్లూ గీర్లూ కుదరవు, మడి సంగతి అడగాల" అంది. నా వెనక ఇంకా జనం నిలబడి ఉన్నారు.

"కోయకపోతే ఏమవుతుంది?" అని అడిగాను.

నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. సుభద్రమ్మ లేచి మడిలోకి వెళ్ళి రెండు జనుము మొక్కలు తెచ్చింది. ఒకటి పూత మీద ఉన్నది. ఇంకొకటి గట్టు మీద ఎప్పుడో పడి మొలిచి కాయ కట్టినది. "ఇరువు" అంది. మొదటిది చిటుక్కున విరిగింది, చేతికి తడి అంటింది. రెండోది విరగలేదు. మెలిపెట్టాను. నార లేచింది గాని తెగలేదు.

"అది కర్రయిపోనాది. మట్టి దాన్ని నమల్లేదు. ఇదైతే నాలుగు వానలకి కలిసిపోతాది. అంతే బాబూ, ఇంకేటి లేదు." తర్వాత, "మీ ఇంటావిడ అనేది, ఇది మనకి కాదర్రా, మడికి ఒండి పెడతన్నాం అని" అంది.

ఆ మాట ఆమెదే. వినగానే తెలిసింది.

మొదటి పిడికెడు నేను కోశాను. కొడవలి పట్టడం రాలేదు. "మంగలి పనిలాగున్నాది, కిందికి పట్టు బాబూ" అని దాలమ్మ అంది. కిందికి పట్టాను. తర్వాత అందరూ దిగారు. కోసింది కోసినట్టు మడిలోనే పరిచాం. పచ్చి వాసన లేచింది. సాయంత్రాలు మీ అక్క ఇంట్లోకి వచ్చినప్పుడు వచ్చే వాసన. ఏ మొక్కదో ఇన్నాళ్ళూ అడగలేదు. ఒక్క మొక్కది కాదు. అన్నీ కలిస్తేనే వస్తుంది.

గట్టు వెంట ఒక వరస విత్తనానికి వదిలారు. వచ్చే వేసవికి ఉండలు మా మేడ మీదే చుట్టాలట. అలా తీర్మానించేశారు, నన్ను అడగలేదు.

ఏడో ఆకు పేరు తెలిసింది. వలిసెలు. పోయిన ఏడు అరకు వైపు నుంచి నేర్చుకోవడానికి వచ్చిన రైతులు మీ అక్కకు గుప్పెడు గింజలు ఇచ్చి వెళ్ళారట. కొండ మీది నూనెగింజల పంట, కింద పండుతుందో లేదో చూద్దామని కలిపింది. దానికి ఇంకా మొగ్గ కూడా లేదు. చలి పడితే గాని పుయ్యదట. అందుకని ఆ మొక్కల చుట్టూ కోయకుండా వదిలారు. మడి మధ్యలో అక్కడక్కడా నిలబడి ఉన్నాయి. కింద పండుతుందో లేదో ఎవరికీ తెలియదు. సుభద్రమ్మకు కూడా తెలియదు. నేను రోజూ చూస్తున్నాను.

చివరలో చినబాబు వచ్చాడు. దాలమ్మ అతన్నీ ప్రశ్న లేకుండా లోపలికి వదల్లేదు. "మొక్కజొన్నకి కత్తెర పురుగు ఎందుకొస్తాదే?" అని అడిగి లోపలికొచ్చి నా పక్కన కూర్చున్నాడు. "సిన్నాన్నా, బారసాల అయిపోనాదా?" అన్నాడు. అయిందన్నాను.

మీ అక్క కుసుమ చుట్టినట్టు ఉండలు చుట్టడం నీకు వచ్చు, నాకు రాదు. మాఘంలో రా. నీవి వంకరగా వచ్చినా పరవాలేదు.

ఈ ఆదివారం పొద్దున్న ఫోన్ చెయ్యి. ఎత్తుతాను. మొదట కాసేపు నేనేమీ మాట్లాడకపోతే పెట్టెయ్యకు. నువ్వు మాట్లాడుతూ ఉండు.

అప్పలసూరి